గొర్రెల కాపరి కట్టిన కోళ్ల గూడు

సోమవారం ఉదయం కల్‌మురాత్ వంకెకర్ర చేతబట్టి పొరుగింటి ప్రహరీ దూకిన కోడి వెంట బయలుదేరాడు. ఆ కర్ర సామాన్యమైనది కాదు. కొండకొమ్మను ఆవిరిలో వంచి చేసిన వంకె అది. నిలబడ్డ చోటు కదలకుండా మందలో ఏ గొర్రె కావాలంటే ఆ గొర్రె వెనకకాలిని అందుకుంటుంది. నలభై ఏళ్లలో అది గురి తప్పిన సందర్భాలను అతను వేళ్ల మీద చెప్పగలడు. అయితే ఆ వంకె సందు గొర్రెకాలి కొలతకు చేసినది. కోడికాలు అందులోకి వచ్చి, ఏమీ జరగనట్టే మళ్లీ బయటికి వెళ్లిపోయింది. నాలుగోసారి విసిరేసరికి చుక్కల పెట్ట ఎగిరి జర్దాలు చెట్టు మీద కూర్చుని, తల ఒక పక్కకు వంచి అతన్ని చూసింది.

వీధికి అవతల, ట్రాక్టరు నడిపి నడిపి నడుము వంగిన దుయ్‌షోన్ తన గుమ్మంలో టీ గిన్నె పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చాలాసేపటి నుంచి ఉన్నట్టున్నాడు, టీ చల్లారిపోయింది.

"అన్నా, గుర్రం తీసుకురమ్మంటావా?" అన్నాడు. "గుర్రం మీదైతే నీకు తిరుగులేదు కదా."

కల్‌మురాత్ వంకెకర్రను భుజాన వేసుకున్నాడు. ఈ వేసవిలో అతను గుర్రమెక్కకూడదని, కొండమేతకు వెళ్లకూడదని మోకాలికి కోత పెట్టిన డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. శనివారంనాడు ఊళ్లో సగం ఇళ్లు గొర్రెలను తోలుకుని, గుడారాలు బండ్లకెక్కించి పైకి వెళ్లిపోయాయి. అతని భార్య సాలికా, కొడుకు ఎమిల్ కూడా వెళ్లారు. ఊళ్లో నిలిచిన ఇంటివాళ్లు వెళ్లినవాళ్ల కోళ్లను చూడాలన్నది అక్కడి వాడుక. ఆ వంతు ఎప్పుడూ ముసలివాళ్లకూ బాలింతలకూ పడేది. ఈ ఏడు కల్‌మురాత్‌కు పడింది. తన ఇంటివి ఎనిమిది, మరదలివి ఏడు, పక్కింటి మైరమ్‌వి ఆరు: మొత్తం ఇరవై ఒకటి. సాలికా బండెక్కుతూ, ఇవి మనల్ని నమ్మి అప్పగించిన జీవాలని గుర్తుచేసింది. గొర్రెలైతే నీకు చెప్పే అవసరమే ఉండేది కాదని కూడా అంది. ఆ రెండో మాటే అతనికి గుచ్చుకుంది.

అతను ఆదివారం వాటిని మందను విప్పినట్టు విప్పాడు. ఒక ముందునడకది దొరికితే మిగిలినవి దాని వెంట వస్తాయన్నది అతని లెక్క. గొర్రెల్లో ముదురు మేకపోతు ఆ పని చేస్తుంది. కోళ్లలో పుంజు చేస్తుందేమోనని దానికి గింజలు చూపించి గూటి వైపు నడిపించాడు. పుంజు బుద్ధిగా వచ్చింది. దాని వెనక ఒక్క పెట్టా రాలేదు. ఏ ఇంటి కోళ్లు ఆ ఇంటికి పోయి, తాళం వేసిన తలుపుల ముందు గింజల కోసం నిలబడ్డాయి, పొద్దుగూకాక చెట్లెక్కాయి.

గూడు మాత్రం సిద్ధంగానే ఉంది. అది అతను స్వహస్తాలతో కట్టినది. మోకాలు సహించిన మేరకు రోజుకింత చొప్పున, ఏటిరాళ్లు పేర్చి మూరెడు మందాన గోడలు లేపాడు. పైన దూలాలు, వాటి మీద రేకు. తలుపు పాత లారీ వెనకతలుపు. గొళ్లెం బొటనవేలంత ఇనుము. తోడేలు వారం రోజులు తలతో కొట్టినా ఆ తలుపు కదలదని దుయ్‌షోన్‌తో చెప్పాడు కూడా. రాళ్ల మధ్య మట్టి పెట్టలేదు, ఎందుకంటే దొడ్డికి గాలి ఆడాలి. గాలి ఆడకపోతే జీవాలకు దగ్గు వస్తుంది. తలుపు కింద మూడువేళ్ల సందు వదిలాడు, ఎందుకంటే మూత్రం బయటికి పోవాలి. ఇవన్నీ అతను ఆలోచించి చేసినవి కావు. నలభై ఏళ్లుగా చేతులకు తెలిసినవి.

ఆ సాయంత్రం, కొండనీడ ఊరి మీద పరుచుకునే వేళకు, అతను అలసి అరుగు మీద మోకాలు చాపుకుని కూర్చున్నాడు. కోడలు బురుల్ పసిబిడ్డను ఒక చేత్తో ఎత్తుకుని ఇంట్లోంచి వచ్చింది. బిడ్డకు ఇరవై రెండు రోజులు. నలభై నిండనిదే బిడ్డను కొండకు తీసుకుపోరు గనుక ఆమె కూడా ఊళ్లోనే ఉండిపోయింది. దక్షిణాన ఉజ్గెన్ వైపు వరిపొలాల వాళ్ల పిల్ల. ఆ ఊళ్లో అడుగుపెట్టి ఏడాది. ఏడాదిలో మామగారితో నేరుగా పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండదు. కోడళ్లు మామగారి పేరు పలకరు, ఎదురు చెప్పరు, ఆయన చేసిన పనిలో తప్పు చూపరు.

ఆమె బిడ్డను గూడు దగ్గరికి తీసుకెళ్లి గోడను చూపించింది. రాళ్ల మధ్య సందులో తన చెయ్యి దూర్చి తీసింది. "చూడు నాన్నా," అంది బిడ్డతో, "అమ్మ చెయ్యి దూరిపోయింది. అమ్మో, ఇంకోచోట కూడా దూరిపోయింది."

పిల్లలతో ఆడవాళ్లు ఆడే ఆట అనుకుని కల్‌మురాత్ చూపు తిప్పుకున్నాడు.

తర్వాత ఆమె బిడ్డను ఊయలతొట్టెలో పడుకోబెట్టి, పెద్ద శాలువా భుజాన వేసుకుని వీధిలోకి వెళ్లింది. పరిగెత్తలేదు. కేకలు వేయలేదు. జర్దాలు చెట్టు కింద నిచ్చెన వేసి, కొమ్మ మీద ముడుచుకుని కూర్చున్న చుక్కల పెట్టను, చెట్టున పండిన కాయను తీసినట్టు, రెండు చేతులతో రెక్కల మీదుగా తీసుకుంది. వెలుతురు తగ్గాక కోడికి కన్ను ఆనదు. కన్ను ఆననిది కదలదు. ఆ సాధారణ విషయాన్ని కల్‌మురాత్ ఆ రోజు పగలంతా మోకాలు నొప్పెట్టేలా తిరిగి కూడా తెలుసుకోలేకపోయాడు. బురుల్ కోడి తలను శాలువా కొంగులో కప్పి చంకలో పెట్టుకుంది, రెండోదాన్ని రెండో చంకలో. ఒక్కొక్క విడతకు రెండు చొప్పున ఒక్కో ఇంటి పెరట్లోంచి వాటిని తెచ్చి, గూటిలో దండెం మీద పక్కపక్కన కూర్చోబెట్టింది. చివరి విడతకు ఇంకా పడమట కొంచెం ఎరుపు మిగిలే ఉంది. ఇరవై ఒకటీ లోపలికి చేరాయి.

ఇనుపగొళ్లెం పడిన చప్పుడు అరుగు మీద కల్‌మురాత్‌కు స్పష్టంగా వినిపించింది.

మంగళవారం పొద్దున అతను తలుపు తీసేసరికి రెండు కోళ్లు నేల మీద పడి ఉన్నాయి. రెండూ మరదలివే. ఈకలు పెద్దగా చెదరలేదు. నెత్తురు మెడ దగ్గర నాలుగు చుక్కలు మాత్రమే. ఒక్క కండ కూడా ఎవరూ తినలేదు. తోడేలు ఎత్తుకుపోతుంది, నక్క కూడా ఎత్తుకుపోతుంది, కుక్క చీల్చి పారేస్తుంది. చంపి వదిలిపెట్టి పోయే జంతువు అతని ఎరుకలో లేదు. ఎరుకలో లేనిది ఎదురైనప్పుడు మనిషి మొదట వెతికేది కారణాన్ని కాదు, కారకుణ్ణి.

అప్పటికే వాకిట్లో ఇద్దరు ఉన్నారు. పెరుగు పట్టుకొచ్చిన షార్‌కాన్ ఆపా ఒకరు. ఊళ్లో అందరికీ ఆమే పెద్దమ్మ, డెబ్బై దాటిన మనిషి. ఆమె వెనకే వాసన పట్టి వచ్చినట్టు దుయ్‌షోన్. షార్‌కాన్ కోళ్లను చూసి చెంపలు నొక్కుకుంది. ఇది దిష్టి అని, తిన్న దెబ్బ కాదు తగిలిన చూపు అని తేల్చేసింది. తర్వాత గొంతు తగ్గించింది, కాని తగినంత తగ్గించలేదు. మొన్న శీతాకాలం చివర కడుపుతో ఉన్న మీ ఆడగుర్రం ఈచుకుపోయింది, ఇప్పుడు కోళ్లు. కొందరి చెయ్యి జీవాలకు అచ్చిరాదు, ఎవరి తప్పూ కాదనుకో, అంది.

నీళ్లబిందెతో వస్తున్న బురుల్ అక్కడే ఆగింది.

కల్‌మురాత్‌కు కోడలి చేతి గురించి ఏ అభిప్రాయమూ లేదు. కాని దుయ్‌షోన్ చూస్తున్నాడు. ఆ మూరెడు గోడ, ఆ లారీ తలుపు, ఆ తోడేలు మాట, అన్నీ అక్కడే నిలబడి ఉన్నాయి. "గొళ్లెం సరిగ్గా వేసుండదు," అన్నాడు. "మీ వైపు తలుపులకి గొళ్లేలుండవా ఏంటి?"

ఆ మాట అంటుండగానే నిన్నటి చప్పుడు అతనికి గుర్తొచ్చింది. మాట అప్పటికే వాకిలి దాటిపోయింది. బురుల్ తల వంచి, బిందెను లోపలికి తీసుకెళ్లింది. దుయ్‌షోన్ మేనల్లుడి పాలబండి రోజూ పాల కోసం కొండకు వెళ్తుంది. మధ్యాహ్నానికల్లా కబురు కూడా దాని మీదే పైకి చేరింది: కల్‌మురాత్ కోడలు గూడు తలుపు వేయడం మరిచిపోయిందట.

కొండ కాపరులకు ఒక నియమం ఉంది. అప్పగించిన జీవం పోతే దాని తోలు తెచ్చి చూపాలి. తోలు చూపని కాపరిని ఎవరూ దొంగ అనరు, కాని మళ్లీ ఎవరూ జీవం అప్పగించరు. కల్‌మురాత్ రెండు కోళ్ల నుంచి ఒక్కో రెక్క కోసి, ఉప్పు రాసి, దారంతో మేకుకు కట్టాడు. శుక్రవారం ఉప్పూ పిండీ తీసుకెళ్లడానికి ఎమిల్ బండితో వస్తాడు. సాలికా, మైరమ్ బిడ్డను చూడడానికి వస్తామన్నారు. ఆ రోజుకు ఇరవై ఒకటిలో ఎన్ని చూపగలడు, ఎన్ని రెక్కలు చూపవలసి వస్తుంది, అది ఒక్కటే ఇప్పుడతని బుర్రలో తిరుగుతున్నది. నలభై ఏళ్లలో మాట పోలేదు. పోతే కోళ్ల దగ్గర పోవాలా?

సాయంత్రం షార్‌కాన్ నల్లపూసల దండ తెచ్చి గూడు తలుపుకు కట్టింది. ఒక్కో పూస మీద తెల్లచుక్క, కన్నులా. కల్‌మురాత్ అడ్డుచెప్పలేదు. అతనికి వాటి మీద నమ్మకమూ లేదు, కోపమూ లేదు. తలుపుకు అవి భారం కావు. గొళ్లెం మాత్రం తనే వేశాడు. వేసి, రెండుసార్లు లాగి చూసి, వెళ్లి మోకాలికి వేడినీళ్ల గుడ్డ కట్టుకుని పడుకున్నాడు.

బుధవారం తలుపు దగ్గరికి వెళ్లేసరికి గొళ్లెం వేసినట్టే ఉంది. పూసలు కట్టినట్టే ఉన్నాయి. లోపల ఒక కోడి పడి ఉంది, అదే చుక్కల పెట్ట. మెడ దగ్గర నాలుగు చుక్కలు.

అతను చాలాసేపు గడప మీద కూర్చుండిపోయాడు. ఇప్పుడు కోడలి మీద పెట్టడానికేమీ లేదు. తప్పును మోయడానికి మరొకరు లేనప్పుడు గాని కన్ను నేల వైపు తిరగదు. అలా తిరిగిన అతని కన్నుకు నేల తెల్లగా కనబడింది.

బూడిద. పొయ్యిబూడిదను పిండిజల్లెడలో జల్లించి, గూడు చుట్టూ రెండు జానల వెడల్పున, ఎక్కడా మందం మారకుండా పరిచి ఉంది. తొలిమంచు పడిన పూట కొండ ఎలా ఉంటుందో అలా ఉంది. అతను లేచాడు. కర్ర మీద వంగి, ఎండ ఏటవాలుగా పడేలా గోడ వెంబడి నడిచాడు. మంచు మీద జాడ చూసే మనిషి ఎండకు ఎదురుగా నడుస్తాడు. అప్పుడే చిన్న గుంటలో కూడా నీడ పడుతుంది. తలుపు దగ్గర ఏమీ లేదు. తూర్పు గోడ దగ్గర పిచ్చుక కాళ్లు. ఉత్తరం గోడ మూల తిరిగాక అతను ఆగాడు.

జంటజంటలుగా, ఒకదానికొకటి కొంచెం వెనుకగా, బొటనవేలి గోరంత అడుగులు. గంతు, గంతు, గంతు. రాళ్ల సందు దగ్గర మాయం. అదే సందులోంచి తిరిగి బయటికి.

"ఆర్స్," అన్నాడు కల్‌మురాత్, తనలో తను.

ముంగిసకు తమ్ముడి వరస అది. నిలువే గాని అడ్డం లేని జంతువు. తల దూరిన చోట ఒళ్లంతా దూరుతుంది. చలికాలపు మకాంలో రాళ్లగుట్టల చుట్టూ ఈ అడుగులను అతను వందలసార్లు చూశాడు. ఎలుకలను తింటుందని దాన్ని మెచ్చుకున్నాడు కూడా. అది గొర్రె జోలికి పోదు. అందుకే అతను కట్టిన గోడకు దాని ఊసు తెలియదు. గొర్రెను పెద్దదాని నుంచి కాపాడాలి, కోడిని చిన్నదాని నుంచి. అతను పెద్దదానికి తలుపు మూసి, చిన్నదానికి గోడంతా తెరిచి పెట్టాడు.

'అమ్మ చెయ్యి దూరిపోయింది.' సోమవారం సాయంత్రపు మాట ఇప్పుడు అతని చెవిలో పడింది. అది పిల్లాడికి చెప్పిన మాట కాదు.

ఆ మూలన తమ పెరటి జర్దాలు చెట్టు మొదలు గోడకు ఆనుకుని ఉంది. బూడిద జల్లుతూ వెనక్కి నడిచిన మనిషి అక్కడ ఒక్కసారి కాలు మోపక తప్పదు. మోపింది. బూడిదలో రబ్బరుజోడు ముద్ర ఒకటి, చిన్నది, మడమ దగ్గర అరిగినది. ఆ మడమ గుంటలోనే ఆర్స్ అడుగుల జంట ఒకటి పడింది. జోడు ముందు పడింది, జంతువు తర్వాత వచ్చింది. అంటే బూడిద దొంగకంటే ముందే అక్కడుంది. దొంగ ఎటునుంచి వస్తుందో చూడాలని పరిచినవాళ్లు అన్నిటికంటే ముందు ఉన్నారు. మామగారు గొళ్లెం వేసి లోపలికి వెళ్లాక, నలుగురిలో మాట పడిన రోజే, ఆమె జల్లెడ పట్టుకుని వచ్చింది.

వీధిలో దుయ్‌షోన్ దగ్గు వినిపించింది. కల్‌మురాత్ ఆ జోడు ముద్రను చెరిపేద్దామని బూటు ఎత్తాడు. ఒకటి చెరిపితే రెండోదీ పోతుంది. బూటు గాల్లోనే ఆగింది. గోడకు ఆనించి ఉన్న పాత ఎనామిల్ బేసిన్‌ను తీసి, ఆ రెండు ముద్రల మీదా బోర్లించి, దాని మీద ఒక రాయి పెట్టాడు.

దుయ్‌షోన్‌కు మిగతా అడుగులు చూపించాడు. దుయ్‌షోన్ గొంతుక్కూర్చుని చూసి, నీ కన్ను కన్నే అన్నా అన్నాడు. బూడిద చల్లాలని నీకెలా తోచిందో అని కూడా అడిగాడు. కల్‌మురాత్ మీసం సవరించుకున్నాడు. అతను అబద్ధమేమీ ఆడలేదు. నిజం నిలబడవలసిన చోట మౌనాన్ని నిలబెట్టాడు, అంతే. కాస్త దూరాన బురుల్ బట్టలు ఆరేస్తున్నది. ఆమె దండెం మీద బిడ్డ చొక్కాను ఒకసారి తీసి, దులిపి, మళ్లీ వేసింది.

దుయ్‌షోన్ వెళ్లాక కల్‌మురాత్ పెరట్లో కట్టేసిన గుర్రం దగ్గరికి వెళ్లాడు. దాని మెడ నిమురుతూ, వాకిలంతా వినిపించేలా, ఈ గోడకు మట్టి మెత్తాలిరా, కాని మట్టిపని తెలిసినవాళ్లు ఈ కొండ ఊళ్లో ఎవరున్నారు గనక అన్నాడు. గుర్రం చెవులు కదిపింది. కొంచెం సేపటికి బురుల్ చేతులు మోచేతుల దాకా మడిచి, ఊయలతొట్టెను జర్దాలు నీడలోకి తెచ్చి పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఒక గుర్రంతోనూ ఒక పసివాడితోనూ మాట్లాడుతూ గోడ కట్టారు. ఎర్రమట్టి తవ్వి, నీళ్లు పోసి, గోధుమగడ్డి చల్లి, కల్‌మురాత్ గుర్రాన్ని పగ్గం పట్టి గుంటలో తిప్పాడు. గుర్రం మోకాళ్లదాకా బురదయ్యి, తన పుట్టుకలో ఇలాంటి అవమానం ఎరగనట్టు ముక్కుతో ఊదింది. ఓర్చుకోరా, నాకూ ఇదే గతి అన్నాడు కల్‌మురాత్ దానితో.

బురుల్ మట్టిముద్ద తీసి వేళ్లమధ్య నలిపి, బిడ్డ వైపు తిరిగింది. "తాతయ్యకు చెప్పు నాన్నా, గడ్డి పొడుగ్గా ఉంది, ఇంకా సన్నగా తరగాలి. లేకపోతే ఎండాక పగుళ్లిస్తుంది."

తాతయ్య కొడవలి తీసుకుని గడ్డి తరిగాడు.

కొంచెం సేపటికి మళ్లీ బిడ్డకు చెప్పింది: లోపలివైపు కూడా మెత్తాలట, కింద గడపకు చెక్క కొట్టాలట. ఆ గాలి సంగతి ఏమిటని తాతయ్య గుర్రాన్ని అడిగాడు. గాలి కావాలంటే పైన కావాలి, రేకుకింద రెండు కన్నాలు పెట్టి గోధుమల జల్లెడ వల కొడితే చాలు, కింద కన్నం దొంగకు, పైకన్నం కోడికి అని బిడ్డకు జవాబు వెళ్లింది. ఈ మాట కల్‌మురాత్ ఒకటికి రెండుసార్లు మనసులో చెప్పుకున్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆమె అరచేత్తో మట్టిని రాళ్ల సందుల్లోకి నెట్టి, మణికట్టుతో నునుపు చేస్తున్నది. ఆమె చెయ్యి జీవాలకు అచ్చిరాదని అన్నవాళ్లు ఆ చేతిని ఇలా ఎన్నడూ చూసి ఉండరని అతనికి అనిపించింది. తనూ చూడలేదు.

పొద్దుగూకే ముందు కల్‌మురాత్ వంటింటి గుమ్మంలో నిలబడి, పిండిజల్లెడ ఎక్కడుందో అని గాలిని అడిగాడు. జల్లెడ అతని చేతికి వచ్చింది. బూడిద అతనే జల్లాడు. సమంగా రాలేదు, కొన్నిచోట్ల కుప్పలు పడింది. ఆమె ఆ కుప్పలను చూసింది, నవ్వు దాచుకోవడానికి రుమాలు అంచు పళ్లతో పట్టుకుంది.

గురువారం ఉదయం అడుగులు ఉన్నాయి. గోడ చుట్టూ మూడుసార్లు తిరిగాయి. పాత సందు ఉన్నచోట నిలబడ్డాయి, మట్టిని గీరాయి, గడప చెక్క దగ్గరికి వెళ్లాయి, మళ్లీ ఉత్తరం గోడకు వచ్చాయి. చివరికి ఏటిగట్టు వైపు, పొడుగాటి గంతులతో, కోపంగా వెళ్లిపోయినట్టు వెళ్లిపోయాయి. లోపల పద్దెనిమిది కోళ్లు దండెం మీద వరసగా కూర్చుని ఉన్నాయి. అతను తలుపు తీయగానే పుంజు, ఈ ఏర్పాటంతా తనదే అన్నట్టు, గొంతెత్తి కూసింది.

షార్‌కాన్ వచ్చి చూసి, చూశావా నా పూసల మహిమ అంది. మంగళవారం రాత్రి కూడా పూసలు ఉన్నాయి కదా ఆపా, ఆ రాత్రేగా చుక్కల పెట్ట పోయిందీ అని కల్‌మురాత్ మెల్లగా గుర్తుచేశాడు. పూస వేడెక్కడానికి ఒక రాత్రి పడుతుందని ఆమె చెప్పింది. అంత నమ్మకంగా చెప్పేసరికి, అతనికి వాదించాలని అనిపించలేదు. పూసలను అలాగే ఉండనిచ్చాడు. బూడిదను కూడా ఆ సాయంత్రం మళ్లీ జల్లాడు. ఈసారి కుప్పలు తక్కువ పడ్డాయి.

శుక్రవారం మధ్యాహ్నం బండి వచ్చింది. ఎమిల్ దిగగానే బిడ్డ దగ్గరికి పరిగెత్తాడు. సాలికా, మైరమ్ కొండగాలికి నల్లబడిన ముఖాలతో, తోలుసంచిలో గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్‌తో దిగారు. వాళ్ల గొంతు విని దుయ్‌షోన్, షార్‌కాన్ కూడా చేరారు. బురుల్ తల వంచి అందరికీ దండం పెట్టి, జర్దాలు నీడలో చాప పరిచి, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు పోసి, టీ గిన్నెలు అందిస్తున్నది.

సాలికా చెడ్డ మనిషి కాదు. కాని పాలబండి కబురు ఆమె గుండెలో మూడు రోజులు నానింది. కోడలు ఇచ్చిన గిన్నె అందుకుంటూ, మృదువుగానే, పరవాలేదులే అమ్మాయ్, కొత్తలో అందరికీ జరుగుతాయి, ఇకనుంచి గొళ్లెం ఒకటికి రెండుసార్లు చూసుకో అంది. మైరమ్ తన చుక్కల పెట్టను తలుచుకుంది. నిట్టూర్చింది. షార్‌కాన్, నేను చెప్పలేదా, కొందరి చెయ్యి అంటూ మొదలుపెట్టింది. బురుల్ గిన్నెలు నింపుతూనే ఉంది. ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కల్‌మురాత్ చేతిలో టీ చల్లారుతున్నది. తోలు చూపడం అతనికి కష్టం కాదు. రెక్కలు మూడూ మేకు మీద ఉన్నాయి. అవి చూపితే కోళ్ల సంగతి తీరుతుంది. తీరనిది వేరే ఉంది. అతను కర్ర పట్టుకుని లేచాడు. "మీరంతా ఒకసారి ఇలా రండి," అన్నాడు.

గూడు వెనక ఉత్తరం మూలన వాళ్లను నిలబెట్టాడు. ముందు రెక్కలు మైరమ్ చేతిలో పెట్టి, పోయినవి మూడు, రెండు మరదలివి, ఒకటి నీది, మా ఇంటి పెట్టల్లోంచి తిరిగి ఇస్తానన్నాడు. తర్వాత కష్టంగా వంగి, బేసిన్ మీది రాయి తీసి, బేసిన్ ఎత్తాడు. బుధవారం నాటి బూడిద దాని కింద చెక్కుచెదరకుండా ఉంది.

"ఇవిగో. చిన్నది దొంగది. ఆర్స్. ఈ గోడలోంచి వచ్చింది, తలుపులోంచి కాదు. నేను గొర్రెలదొడ్డి కట్టి దాన్ని కోళ్ల గూడన్నాను."

దుయ్‌షోన్ వంగి చూశాడు. "మరి ఈ పెద్దదెవరిది? జోడులా ఉందే?"

"దొంగను పట్టిన మనిషిది. బూడిద చల్లాలని తోచింది నాకు కాదురా. నువ్వడిగిన రోజున చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా." కల్‌మురాత్ కొంచెం ఆగాడు. మోకాలు నొప్పి వల్ల ఆగినట్టు ఎవరైనా అనుకోవచ్చు. "ఆ మొదటి సాయంత్రం గొళ్లెం పడ్డ చప్పుడు నేను విన్నాను. విని కూడా ఆ మాటన్నాను. పాలబండికి ఇది కూడా ఎక్కించు."

సాలికా ఆ జోడు ముద్రను చూసింది. తర్వాత, చెట్టుకింద టీ కాగుతున్న సమోవార్ పక్కన నిలబడి ఉన్న కోడలి కాళ్లను చూసింది. మడమ అరిగిన రబ్బరుజోళ్లు. షార్‌కాన్ గొంతు సవరించుకుని, ఆ చెయ్యి మంచిదేనని తాను మొదటి నుంచీ అంటూనే ఉన్నానని చెప్పింది. దుయ్‌షోన్ నవ్వాడు. ఆ నవ్వుతో అందరికీ ఊపిరాడింది. మైరమ్ కొత్తగోడ మీద అరచెయ్యి వేసి నిమిరి, మా గూటికి కూడా ఇలాగే మెత్తి పెట్టాలి తల్లీ, ఈ శరత్తులో దిగి రాగానే అంది. రెక్కలు ఆమె చేతిలోనే ఉన్నాయి; వాటిని మరిచిపోయినట్టుంది.

బురుల్ బిడ్డను ఎమిల్ చేతికి ఇచ్చింది. గూడు దగ్గరికి వచ్చి, తల ఎత్తి రేకు కింది కన్నాన్ని చూసింది. బిడ్డ అక్కడ లేడు. గుర్రం పెరటి అవతల మేస్తున్నది. ఆమె ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, మామగారి వైపు తిరిగింది.

"మామయ్యా, ఆ ఎడమ కన్నం వల మూల మేకు ఊడింది. పొద్దుగూకేలోపు కొట్టాలి."

సాలికా చేతిలోని టీ గిన్నె పెదవి దాకా వెళ్లి ఆగిపోయింది. కల్‌మురాత్ తల ఎత్తి చూశాడు. ఊడింది నిజమే, చిటికెనవేలు దూరేంత సందు. అతను సుత్తి కోసం వెళ్లి, రెండు మేకులు పెదవుల మధ్య పెట్టుకుని వచ్చాడు. నిచ్చెన రెండు మెట్లు మాత్రమే ఎక్కి, డాక్టరు చెప్పిన హద్దు గుర్తొచ్చి ఆగి, చెయ్యి చాపి మేకును వల మీద ఆనించాడు.

"ఇక్కడేనా?"

"ఇంకొంచెం పైకి," అంది బురుల్, నిచ్చెన పట్టుకుని. "ఆ, అక్కడ."